నెల, చాంద్, రోజు

మేము నలుగురము కురిచేడు వాస్తవ్యులము. మాలో ఇద్దరి ఇండ్లలో తెలుగు, మరి ఇద్దరి ఇండ్లలో ఉర్దూ మాటలాడుతారు. వీధి ఒక్కటే, చిన్ననాటి బడి ఒక్కటే, గుంటూరు వైపు పోయే రైలు కోసం ఎదురుచూచే స్టేషను అరుగు కూడ ఒక్కటే. మన కళాశాల వార్షిక సంచిక ఒక అట్ట వైపు నుండి తెలుగుగాను, మరొక అట్ట వైపు నుండి ఉర్దూగాను సాగి నడుమ ఎక్కడో కలిసికొంటుంది. మా వీధి కూడ అట్టిదే. కనుక ఈ వ్యాసాన్ని ఒక్కరి పేరుతో వ్రాయక నలుగురము కలిసి వ్రాస్తున్నాము.

దీనికి కారణమైన సంగతి చిన్నది. మాలో ఒకరి చెల్లెలు ఎనిమిదవ తరగతి చదువుతున్నప్పుడు తెలుగు పరీక్షలో 'చంద్రుడు' అను పదానికి పర్యాయపదాలు వ్రాయమన్నారు. ఆమె 'నెల, చాంద్' అని వ్రాసినది. రెండింటినీ ఎర్ర సిరాతో కొట్టివేసినారు. మొదటిదాని ప్రక్కన 'నెల అనగా ముప్పది దినములు' అని, రెండవదాని ప్రక్కన 'ఇది తెలుగు కాదు' అని వ్రాసి పంపినారు. అది ఏ బడి అన్నది ఇక్కడ అప్రస్తుతము. ఒక మార్కు పోయినందుకు కూడ మాకు విచారము లేదు. కాని ఆనాటి నుండి ఆ పిల్ల ఇంటిలో దాదీ 'చాంద్' అన్నప్పుడెల్లా 'అట్లా అనరాదు దాదీ, చంద్రుడు అనాలి' అని సరిదిద్దసాగినది. దాదీ నవ్వి ఊరుకున్నారు. మాకు మాత్రము నవ్వు రాలేదు. డెబ్బది ఏండ్లుగా నోట నానిన మాటను తప్పని ఒక ముసలితల్లికి మనుమరాలి చేత చెప్పించిన ఆ ఎర్ర గీత సరియైనదా, కాదా? ఇది తేల్చుకొనవలెనని గ్రంథాలయంలో కొన్ని వారములు నిఘంటువుల ముందు కూర్చున్నాము.

ముందు 'నెల' మాట చూతము.

నెల అనగా చంద్రుడే. ముప్పది దినములన్న అర్థము తరువాత వచ్చినది. 1852లో అచ్చయిన బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరిచినను ఈ సంగతి తెలియును. నిఘంటువు దాకా ఎందుకు, మన నోటిలోని మాటలే సాక్ష్యము. వంకరగా ఉన్న నెల నెలవంక. నెలను తాల్చినవాడు నెలతాల్పు, అనగా శివుడు. పసిచంద్రుడు నెలబాలుడు. పొద్దు పొడిచినది, చుక్క పొడిచినది అన్నట్లే నెల పొడుచుట నెలపొడుపు. ఈ మాటలలో నెలకు ముప్పది దినములని అర్థము చెప్పి చూడుడు; శివుడు తలపై ముప్పది దినములు మోయవలసి వచ్చును!

చంద్రుని పేరు కాలము పేరు కావడంలో ఆశ్చర్యము లేదు. గడియారములు, పంచాంగములు లేని నాడు ఆకాశములో అందరికీ కనబడే లెక్క ఇదొక్కటే. ఒక అమావాస్య నుండి మరొక అమావాస్యకు సగటున ఇరువది తొమ్మిదిన్నర దినములు, కచ్చితంగా చెప్పవలెనన్న 29.53. ఒక నెల పొడిచి, నిండి, తరిగి, మాసిపోయినచో ఒక నెల గడిచినట్లు. కన్నడిగులకు తింగళు అనగా చంద్రుడు, మాసము కూడ. తమిళులకు తింగళ్ అనగా ఆ రెండింటితో పాటు సోమవారము కూడ. మన స్త్రీల మాటలలో ఈ పాత లెక్క ఇప్పటికీ చెక్కు చెదరలేదు. నెల తప్పుట, నెలలు నిండుట, నెలసరి అన్నవి కాగితముపై క్యాలెండరు చూచి పుట్టిన మాటలు కావు.

నెలకు చుట్టములు చాల మంది. తమిళంలో నిలా, నిలవు, మలయాళంలో నిలావు, ఆదిలాబాదు అడవులలోని గోండీ, కొలామీ భాషలలో కూడ ఇదే కుటుంబపు మాట వినబడుతుంది. ఈ చుట్టరికాన్ని గుర్తించిన వారి కథ కూడ ఇక్కడ చెప్పదగినది. తెలుగు, తమిళము, కన్నడము సంస్కృతము నుండి పుట్టినవి కావనీ, అవి తమలో తాము ఒక కుటుంబమనీ 1816లో ఎల్లిస్ అను దొర క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన ఉపోద్ఘాతంలో నిరూపించినారు. 1856లో కాల్డ్వెల్ ఆ వాదాన్ని పెద్ద గ్రంథముగా విస్తరించినారు. 1961లో బరో, ఎమెనో అను పండితులు ద్రావిడ భాషల ధాతుమూలాలకు నిఘంటువే కూర్చినారు. ఈ వరుసలో అగ్రశ్రేణిలో నిలిచిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928లో మన ఒంగోలులోనే జన్మించినారు. తెలుగు క్రియాధాతువులపై వారి గ్రంథము కూడ 1961లోనే వెలువడినది. ద్రావిడ భాషలన్నింటిపై వారి బృహద్గ్రంథము 2003లో వచ్చినది. 2012లో వారు కీర్తిశేషులైనారు. ఒంగోలు నుండి కురిచేడు ఎంతో దూరము కాదు. ఐనను మాలో ఒక్కరికీ ఈ పని మొదలుపెట్టేవరకు ఆయన పేరు వినిన గుర్తు లేదు. పాఠ్యపుస్తకములు వ్రాయువారు దీనిని గూర్చి ఆలోచింపవలెను.

వెన్నెల మాట ఇంకను ముచ్చటైనది. వెలి అనగా తెలుపు. తెల్లని నెల వెన్నెల. అదే తెలుపు నేతితో కలిసి వెన్న ఐనది. తమిళంలో వెణ్ణెయ్ అన్నచో ఆ రెండు ముక్కలూ విడివిడిగా కనబడుతవి. ఉల్లితో కలిసి వెల్లుల్లి ఐనది. గోడకు పూసే వెల్ల, మెడలో వేసుకొనే వెండి, కంటికి కావలసిన వెలుగు, ఇవన్నియు ఒక తల్లి బిడ్డలే. పిండి ఆరబోసినట్లు వెన్నెల కాచినదని మన పెద్దలు అంటారు గదా! పిండి, వెన్న, వెల్ల అన్నీ కన్నులకు కట్టుతవి. (నేలకు, నెలకు మాత్రము సంబంధము లేదు. మాలో ఒకరు ఉన్నదని పట్టుబట్టి రెండు దినములు వాదించినారు గాని నిఘంటువు ఒప్పుకొనలేదు.)

కనుక ఎనిమిదవ తరగతి పిల్ల వ్రాసిన మొదటి మాట ఒప్పు. ఒప్పే కాదు, పరీక్షలో ఇచ్చిన 'చంద్రుడు' కంటె అదియే అచ్చమైన తెలుగు.

ఇక చాంద్. చంద్రుడు మనకు సంస్కృతము నుండి వచ్చినాడు. ఆ సంస్కృత చంద్రుడే ప్రాకృతములో చంద ఐ, ఉత్తరాది నోళ్లలో నలిగి చాంద్ ఐనాడు. మన చందమామలో ఉన్నది ఆ చందయే. ఇంటికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములలో ఒకరికి పీట వేసి ఒకరిని గుమ్మములో నిలబెట్టినట్లున్నది ఆ ఎర్ర గీత. చాంద్ తెలుగు నిఘంటువులో లేదనుట నిజమే, దానిని మేము కాదనము. కాని తెలుగు కాదన్నదానికి, మనది కాదన్నదానికి చాల భేదమున్నది. పసిపిల్లకు వినబడినది రెండవదే.

చందమామ అన్నాము గనుక ఒక మాట. చంద్రుడు మామ ఎట్లయినాడు? లక్ష్మీదేవి, చంద్రుడు ఇద్దరూ పాలసముద్రములోనే పుట్టినారు గనుక, లక్ష్మి మనకు తల్లి గనుక, ఆమె తోబుట్టువు మనకు మేనమామ అని పెద్దలు చెప్పుతారు. ఆ పురాణము తెలియని ఉర్దూ ఇండ్లలో కూడ పిల్లలకు చంద్రుడు చందా మామూయే. తల్లి అన్నము కలిపి పెట్టునప్పుడు ఆకాశములో చూపించవలసినవాడు తల్లి వైపు వాడు కాక మరెవరగును? నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో మద్రాసు నుండి పిల్లల మాసపత్రిక ప్రారంభించినప్పుడు తెలుగులో చందమామ అని, తమిళంలో అంబులిమామ అని పేరు పెట్టినారు. తమిళ చంద్రుడు కూడ మామయే అన్నమాట. ఆ పత్రిక ఇప్పుడు రావడము లేదు. మా ఇండ్లలో పాత ప్రతులు మాత్రము ఉన్నవి.

చంద్ర అను మాటకు మూలార్థము మెరియుట. ఈ ధాతువు చాల దూరము ప్రయాణము చేసినది. లాటిను భాషలో కొవ్వొత్తిని కాండేల అన్నారు. ఇంగ్లీషువారి క్యాండిల్ దాని నుండి వచ్చినదే. ఆ లాటిను మాటనే గ్రీకులు తీసుకొన్నారు, వారి నుండి అరబ్బులకు చేరి ఖందీల్ ఐనది. అరబ్బీ నుండి పారశీకము, ఉర్దూలకు వచ్చి, తెలంగాణ పల్లెలలో కందిలి ఐ చూరుకు వ్రేలాడినది. ఆకాశములో చంద్రుడు, చూరు క్రింద కందిలి ఒక వంశము వారే. ఒకరు కాలినడకను నేరుగా వచ్చినారు, మరొకరు రోము, అరేబియా చుట్టి వచ్చినారు.

ఇట్లు వెదకుచుండగా బ్రిటనులో పడమటి దిక్కున ఉన్న వేల్సు దేశపు మాట ఒకటి మా కంటబడినది. ఆ దేశపు భాష ఇంగ్లీషు కాదు, దానికంటె ముందటి నుండి అక్కడ ఉన్న వేరు భాష. వారు చంద్రుని ల్లెయాద్ అంటారు. మొదటి అక్షరము మన లకారము కాదు, నాలుక లకారము స్థానములో నిలిపి ఊపిరి విడిచినచో వచ్చెడి ధ్వని. మేము నలుగురము ప్రయత్నించినాము. పాము బుస వలె వచ్చినది గాని లకారము రాలేదు. కవులు వాడెడి మరొక పేరు ల్లోయ్‌ర్. రెంటికీ మూలము వెలుగు. లాటిను వారి లూనా కూడ ఆ మూలము నుండి వచ్చినదే. సంస్కృతములో ఆ ధాతువే రుచ్ ఐనది, అనగా ప్రకాశించుట. రుచి అన్న మాటకు మొదటి అర్థము కాంతి, ఆపై ఇష్టము, చివరకు నాలుకకు తగిలెడి రుచి. పారశీకములో ఆ ధాతువు నుండియే రోషన్ వచ్చినది, వెలుగుండెడి వేళ గనుక పగలుకు రోజ్ అని పేరు వచ్చినది. పగటివేళ ఆహారము మానుట గనుక ఉపవాసము రోజా ఐనది. ఆ రోజ్ తెలుగులోనికి వచ్చి రోజు ఐనది.

ఇది చదివినప్పుడు మాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. వేల్సు చంద్రుడు, రంజాను రోజా, మనము ప్రతి దినము పలికే రోజు, కూరలోని రుచి ఒక ధాతువు బిడ్డలట! చాంద్ తెలుగు కాదని వ్రాసిన ఉపాధ్యాయులు ప్రతి రోజు బడికి వచ్చుచున్నారు, హాజరు తీసుకొనుచున్నారు, జవాబులు దిద్దుచున్నారు. రోజు, హాజరు, జవాబు మూడింటినీ ఉర్దూ తెచ్చి తెలుగు చేతిలో పెట్టినది. వీటికి ఎవ్వరూ ఎర్ర గీత పెట్టలేదు, పెట్టవలసిన పని కూడ లేదు.

వేల్సు దేశమును గూర్చి మరొక సంగతి. పందొమ్మిదవ శతాబ్దములో అక్కడి కొన్ని బడులలో పిల్లవాడు తన ఇంటి భాషలో మాటలాడినచో మెడలో ఒక కొయ్యముక్క వ్రేలాడదీసేవారు. దానిని వెల్ష్ నాట్ అనేవారు. ఆ పిల్లవాడు మరొకడెవడైనను ఇంటి భాష మాటలాడగా విని పట్టి ఇచ్చినచో కొయ్యముక్క వాని మెడకు మారును. బడి విడిచే వేళకు ఎవని మెడలో ఉండునో వానికి దెబ్బలు. తోటివారిపై నిఘా వేయించుటయే అందులోని క్రూరత్వము. ఆ భాష అప్పటికి చావలేదు. 2011లో చట్టము చేసి దానికి ఆ దేశములో అధికార హోదా ఇచ్చినారు. మన బడులలో కొయ్యముక్కలు లేవు. కాని మనుమరాలి చేత దాదీని దిద్దించుటలో ఆ కొయ్యముక్క నీడ కొంత ఉన్నదని మా అభిప్రాయము. మాలో ఒకరు ఇది మరీ పెద్ద మాట అన్నారు. ముగ్గురము ఒప్పుకొన్నాము గనుక వ్రాసినాము.

మిగిలిన పేర్లను త్వరగా చెప్పి ముగింతుము. కాలమును కొలుచుట అన్న అర్థము నుండి సంస్కృతములో మాస్, అనగా చంద్రుడు, మాసము రెండును వచ్చినవి. ఇంగ్లీషు వారి మూన్, మంత్ అన్నవి, పారశీకుల మాహ్, ఉర్దూ మహీనా అన్నవి ఆ ఇంటివే. మాహ్‌కు మెరుపు చేరగా మహతాబ్. మహతాబ్ అని మనుష్యులకు పేరు పెట్టుకొంటారు. అదే మాట బాణసంచాలోనికి దిగి మతాబు ఐనది. దీపావళి నాడు పిల్లలు మతాబులు వెలిగించునప్పుడు అమావాస్య చీకటిలో పారశీక వెన్నెలను వెలిగించుచున్నారన్నమాట. అరబ్బీలో చంద్రుడు కమర్, పున్నమి చంద్రుడు బద్ర్, నెలవంక హిలాల్. కమరుద్దీన్, బద్రుద్దీన్ అన్న పేర్లు మన హాజరు పట్టీలలోనే కనబడుతవి.

ఉర్దూ ఇండ్లలో చాంద్ అన్నచో మాసమని కూడ అర్థము. రజబ్ చాంద్ అన్నచో రజబు మాసము. తెలుగులో నెల ఎట్లో ఉర్దూలో చాంద్ అట్లే. ఆ పిల్ల రెండు మాటలను ప్రక్కప్రక్కన వ్రాయుటలో తెలియకనే ఎంత సరియైన జత కూర్చినదో చూడుడు.

లెక్కలు కూడ ప్రక్కప్రక్కనే నడచును. మన తెలుగువారి మాసము అమావాస్య మరునాడు పాడ్యమితో మొదలగును. హిజ్రీ మాసము నెలవంక కంటబడిన సాయంత్రము మొదలగును. నెలవంక సాధారణముగా పాడ్యమి చివరనో విదియనాడో కనబడును గనుక రెండు మాసములు ఒకటి రెండు దినముల తేడాతో ఆరంభమగుచుండును. పన్నెండు చాంద్రమాసములకు 354 దినములు. సౌర సంవత్సరానికి పదకొండు దినములు తక్కువ. తెలుగువారు ముప్పది రెండు ముప్పది మూడు మాసముల కొకసారి అధికమాసము కలిపి ఆ లోటు పూడ్చుకొంటారు. హిజ్రీ పంచాంగము పూడ్చుకొనదు. అందుచేత రంజాను సుమారు ముప్పది మూడేండ్లలో ఎండ, వాన, చలి అన్నింటినీ చుట్టివచ్చును.

దీనిని మేము కన్నులారా చూచినాము. 2023లో ఉగాది మార్చి 22న వచ్చినది. మన దేశములో రంజాను ఉపవాసములు 24న మొదలైనవి. ఆ యేడు అధిక శ్రావణము వచ్చినది. ఆ ఒక్క మాసము తేడాతో 2024లో ఏప్రిల్ 9న ఉగాది వచ్చేసరికి రంజాను ముగిసిపోవుచున్నది. 11న ఈద్ పండుగ. ఆ మీదటి యేట అధికమాసము లేదు గనుక జత చెదరలేదు. 2025 మార్చి 30 ఆదివారము ఉగాది. ఆ సాయంత్రమే ఈద్ చంద్రుడు కనబడినాడు. మా వీధిలో సగము ఇండ్లలో వేపపూత పచ్చడి గిన్నెలు, సగము ఇండ్లలో కడపటి ఇఫ్తారు. పడమటి వైపు డాబాలపై అందరూ ఉన్నారు. చాంద్ ముబారక్ అన్నవారున్నారు, విదియ చంద్రుడు అన్నవారున్నారు. ఒక అవ్వ పైటకొంగు నుండి నూలుపోగు తీసి చంద్రునికి చూపినది. చంద్రునికో నూలుపోగు అన్న సామెత పుట్టినది ఆ ఆచారము నుండియే.

అందరికన్న ముందు చూచినది ఎవరన్న ప్రశ్నకు ఆ సాయంత్రము జవాబు లేదు. ఏలయన చాల మందికి చంద్రుడు ఆకాశములో కంటె ముందు చేతిలోని ఫోనులో కనబడినాడు. ఎక్కడో ఊరిలో చూచినారని వార్త వచ్చినది, అందరూ శుభాకాంక్షలు పంపుకొన్నారు, తరువాత కొందరు తీరికగా డాబా ఎక్కినారు. దీనిని మేము నిందించము. మబ్బు పట్టిన సంవత్సరములలో వార్తయే దిక్కు. ఐనను నెలపొడుపు అన్న మాట మా ఈడు వారిలో ఎందరు ఎరుగుదురని తరగతిలో అడిగినాము. చేతులు లేచినవి చాల తక్కువ. లేచిన వానిలో ఎక్కువ ఉర్దూ ఇండ్లవే. పండుగ నెలపొడుపుతో వచ్చును గనుక ఆ అచ్చతెనుగు మాటను ఆ ఇండ్లు వదలలేదు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును ప్రకటించినది. కృష్ణమూర్తిగారి సంపాదకత్వములో జిల్లా జిల్లాకు పోయి, రైతు నోట వ్యవసాయపు మాటలు విని, ఏ ఊరిలో ఏమందురో వ్రాసికొని కూర్చిన గ్రంథమది. అంత పని మా వల్ల కాదు. ఒక్క చంద్రుని మాటలైనను కురిచేడు, దొనకొండ, మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల నుండి ఈ కళాశాలకు వచ్చుచున్నవారి ఇండ్ల నుండి కూర్చవచ్చునని తోచినది. మీ నానీ, దాదీ, అమ్మమ్మ, నాయనమ్మ చంద్రుని ఏమని పిలుతురో, నెలవంకను ఏమందురో, చంద్రుని చుట్టు వలయము కట్టిన దానికి ఏమి పేరు చెప్పుదురో, ఊరి పేరుతో సహా వ్రాసి ఇండు. తెలుగు లిపి, ఉర్దూ లిపి ఏదైనను సరే. సంచిక కమిటీ వారు ఇష్టపడినచో వచ్చే సంవత్సరము దానిని రెండు అట్టల నడుమ, రెండు భాగములు కలిసికొనే చోట అచ్చు వేయవలెనని మా మనవి. ఇందుకొరకు ఒక నోటు పుస్తకము గ్రంథాలయములో వార్తాపత్రికల బల్లపై ఉంచినాము. కలమును దారముతో కట్టినాము.